నాకు కనిపించని మినుకు

మా హాస్టల్లో ఎవరికీ సొంత పేర్లుండవు, ఊరి పేర్లే. నేను తణుకు. నా రూమ్మేట్ పాలకొండ. ఫస్టియర్ నుంచి ఒకటే గది. వాళ్ళింటి నుంచి వచ్చే ఆవకాయ సీసా, నా ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఈ రెండూ మా ఉమ్మడి ఆస్తి. ఒకరి మీద ఒకరం అలిగినా రెండు పూటలకి మించేది కాదు. అలాంటిది ఫైనలియర్ మొదటి సెమిస్టర్ మధ్యలో వాడు పరుపు చుట్టుకుని మూడో ఫ్లోర్‌కి వెళ్ళిపోయాడు. చూడటానికి కారణం నేను కొన్న మోనిటర్. అసలు కారణం నా నోరు.

సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్‌తో ఒక సెకండ్‌హ్యాండ్ గేమింగ్ మోనిటర్ కొన్నాను. 27 అంగుళాలు, 144 హెర్ట్జ్, పైగా వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఉంది. మా ఫ్లోర్ మొత్తం వచ్చి చూసి వెళ్ళారు. పాలకొండ కూడా మొదటి రోజు "బాగుందిరా" అన్నాడు. మూడో రోజు రాత్రి గేట్ పుస్తకం మూసేసి, "ఏటిరా అది, ఊరికే మినుకుమినుకుమంటోంది, తల పగిలిపోతోంది" అన్నాడు. వాడికి ఇంటర్ నుంచి మైగ్రేన్ ఉంది. ఆ సంగతి నాకు తెలుసు కూడా.

నేను ట్యూబ్‌లైట్ వేసి, గేమ్ ఆపేసి, డెస్క్‌టాప్ వైపు తేరిపార చూశాను. ఏమీ లేదు. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను. ఏమీ లేదు. "చూడు, ప్రూఫ్. మోనిటర్‌కి ఏం కాలేదు, నీ కళ్ళకే ఏదో అయింది" అన్నాను. ఇంజనీర్‌ని కదా, ఆధారం లేకుండా మాట్లాడను. ఆ తరువాత వాడు ఇంకో రెండుసార్లు చెప్పాడు. మూడోసారి మెస్‌లో పదిమంది ముందు నేనే మొదలుపెట్టాను: "పాలకొండకి గేట్ సిలబస్ చూస్తే తలనొప్పి, పేరు మాత్రం నా మోనిటర్‌ది." అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. వారం తిరక్కుండా మూడో ఫ్లోర్‌లో ముగ్గురుండే గదిలో నాలుగోవాడిగా చేరాడు. "అక్కడ గాలి బాగా వస్తోందిరా" అన్నాడు. ఇద్దరికీ తెలుసు అది అబద్ధమని.

దసరాకి ఇంటికెళ్ళాను. మా తాతయ్య ఒకప్పుడు మా ఊళ్ళో సినిమా హాల్లో ఆపరేటర్. ఆ హాలు ఇప్పుడు లేదు, కళ్యాణ మండపం అయిపోయింది. అరుగు మీద కూర్చుని, రూమ్మేట్ గొడవంతా చెప్పాను, సానుభూతి దొరుకుతుందేమోనని. తాతయ్య అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ కుర్రాడు ఎటు తిరిగి కూర్చునేవాడు?"

ఆ ప్రశ్న నాకు అంతవరకూ తట్టలేదు. వాడి టేబుల్ గోడకి ఆనించి ఉంటుంది. నా మోనిటర్ వాడికి ఎడమ పక్కన, కంటి చివర పడుతుంది.

"అదీ! మినుకు ఎదురుగా చూసేవాడికంటే వారగా చూసేవాడికి ఎక్కువ తెలుస్తుందిరా. మా హాల్లో కార్బన్లు అరిగి మధ్యలో ఎడం పెరిగితే వెలుతురు ఊగేది. ముందు ఎవరు అరిచేవాళ్ళనుకున్నావ్? నేల టికెట్టు వాళ్ళు. తెర వాళ్ళకి కళ్ళ నిండా ఉంటుంది కదా. మేనేజర్ బాల్కనీలోంచి చూసి, ఏమీ లేదే, ఊరికే అల్లరి చేస్తున్నారు అనేవాడు. నేను మాత్రం కింద ఈల వినపడగానే కార్బన్లు దగ్గరికి జరిపేవాణ్ణి. క్యాబిన్లో కూర్చున్న నాకు అది కనపడదు. నా మీటరు వాళ్ళ ఈలే."

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక మొదటిసారి ఆ సమస్యని సమస్యలాగా చదివాను. ఆ చదివిందీ, చేసిందీ ఇక్కడ చెప్తాను. మీలో కొంతమంది గదుల్లోనూ ఇలాంటి మోనిటర్లు ఉన్నాయి కాబట్టి పనికొస్తుంది.

ముందు అసలు వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఎందుకు వచ్చిందో చూద్దాం. మామూలు 60 హెర్ట్జ్ మోనిటర్ ఆర్టీసీ బస్సు లాంటిది. 16.7 మిల్లీసెకన్లకి ఒక బస్సు, టైముకి బయల్దేరుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఫ్రేమ్ గీయడం 17 మిల్లీసెకన్లకి పూర్తయితే, ఆ పాసింజర్ బస్టాండ్‌కి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. తరువాతి బస్సు దాకా ఆగాలి. తెర మీద అది కుదుపులా కనిపిస్తుంది. ఆగనని సగంలో ఎక్కేస్తే పై సగం పాత బొమ్మ, కింది సగం కొత్త బొమ్మ, మధ్యలో చీలిక. దీనికి పరిష్కారంగా బస్సుని తీసేసి షేర్ ఆటో పెట్టారు. షేర్ ఆటోకి టైముండదు, నిండితే బయల్దేరుతుంది. ఫ్రేమ్ ఎప్పుడు తయారైతే అప్పుడే మోనిటర్ తెరని మారుస్తుంది. ఎన్‌విడియా జి-సింక్‌ని 2013లో ప్రకటించింది. 2014లో ఇదే పని చేసే అడాప్టివ్ సింక్ డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలోకి వచ్చింది. కుదుపూ లేదు, చీలికా లేదు. అందరం ఆటో ఎక్కేశాం.

మరి మినుకు ఎక్కడ నుంచి వచ్చింది? ఎల్‌సీడీ తెరలో ప్రతి పిక్సెల్ వెనకా ఒక చిన్న కెపాసిటర్, దానికి కుళాయిలాగా ఒక ట్రాన్సిస్టర్ ఉంటాయి. రిఫ్రెష్ అయిన ప్రతిసారీ కుళాయి తెరిచి, కావలసిన వోల్టేజ్ నింపి, కట్టేస్తారు. అయితే ఆ కుళాయి పూర్తిగా బిగుసుకోదు, కొంచెం కారుతుంది. సన్నగా కారే బిందె అనుకోండి. 144 హెర్ట్జ్‌లో ప్రతి 6.9 మిల్లీసెకన్లకీ నింపుతారు కాబట్టి నీళ్ళు ఎప్పుడూ అంచు దగ్గరే. 48 హెర్ట్జ్‌లో 20.8 మిల్లీసెకన్లు ఆగాలి, ఆలోగా మట్టం ఇంకాస్త దిగుతుంది. సగటు మట్టం తగ్గితే పిక్సెల్ వెలుతురూ కొద్దిగా మారుతుంది. ఓఎల్ఈడీలో కారణాలు కొంచెం వేరు, ఫలితం మాత్రం ఇలాంటిదే. ముదురు బూడిద రంగుల్లో ఇది బాగా బయటపడుతుంది.

ఇక్కడ నేను ఆగిపోయిన మలుపు ఒకటుంది. 48 సార్లు నింపినా, 144 సార్లు నింపినా, ఆ ఎగుడుదిగుడు చాలా చిన్నది, పైగా కంటికి అందనంత వేగం. మరి పాలకొండకి ఏం కనిపించింది? వాడికి కనిపించింది 48 కాదు, 144 కాదు. ఆ రెంటి మధ్యా తిరగడం. గేమ్‌లో చీకటి సీన్, లోడింగ్ స్క్రీన్ వచ్చినప్పుడు ఫ్రేమ్ రేట్ ఒక్కసారిగా పడుతుంది, లేస్తుంది. సెకనుకి నాలుగైదు సార్లో, పదిసార్లో. దాంతోపాటు తెర మొత్తం వెలుతురు రెండు మూడు శాతం అటూ ఇటూ ఊగుతుంది. మన కంటికి చిన్న చిన్న వెలుతురు మార్పులు బాగా తెలిసేది సరిగ్గా ఈ పది హెర్ట్జ్ చుట్టుపక్కలే. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ఒక కార్టూన్ ఎపిసోడ్‌లో సెకనుకి 12 సార్లు ఎరుపు, నీలం మెరిసిన సీన్ చూసి వందలమంది పిల్లలు ఆసుపత్రుల్లో చేరారు. మా మోనిటర్‌ది అంత ఘోరం కాదు. అయినా మైగ్రేన్ ఉన్నవాడికి గంటల తరబడి కంటి చివర అలా ఊగుతుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు నా "ప్రూఫ్" సంగతి చూడండి. డెస్క్‌టాప్ మీద పరీక్షించాను, అక్కడ రేటు మారదు కాబట్టి మినుకే ఉండదు. ట్యూబ్‌లైట్ వేసి, ఎదురుగా చూశాను, రెండూ మినుకుని దాచేవే. ఫోన్ వీడియో తీశాను, ఫోన్ కెమెరా తనంతట తానే ఎక్స్‌పోజర్ సర్దుకుంటుంది, రెండు మూడు శాతం తేడా అందులో కలిసిపోతుంది. లేని చోట వెతికి, లేదని తేల్చాను. వాడు మాత్రం ఉన్న చోట కూర్చున్నాడు.

ఈసీఈ ల్యాబ్‌లో అసిస్టెంట్ గారిని బతిమాలి ఒక బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్, ఒక ఆప్-యాంప్, 1 మెగాఓమ్ రెసిస్టర్ తెచ్చుకున్నాను. డయోడ్‌ని నల్ల చార్ట్ పేపర్ గొట్టంలో పెట్టి తెర మీద టేపు అంటించాను. బ్యాక్‌లైట్ డిమ్మింగ్ వల్ల వచ్చే మినుకు ఇందులో కలవకుండా బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 30 ఉండే ముదురు బూడిద రంగు తెర మొత్తం నింపి, సెకనుకి ఐదారు సార్లు 48కీ 144కీ మధ్య రేటు మార్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఓసిల్లోస్కోప్ మీద మొదట నాయిస్ తప్ప ఏమీ రాలేదు. ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, యావరేజింగ్ పెట్టాక కనిపించింది. 144లో ఉన్నంతసేపూ గీత పైన, సన్నటి రంపపు పళ్ళతో. 48కి రాగానే పళ్ళు పెద్దవయ్యి, గీత మొత్తం ఒక మెట్టు కిందికి. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి.

ఆ మెట్టు చూసినప్పుడు నాకు సంతోషం వేయలేదు. మెస్‌లో నవ్విన మొహాలు గుర్తొచ్చాయి.

మూడో ఫ్లోర్‌కి వెళ్ళాను. "ఒరేయ్, నీ కళ్ళకి ఏం కాలేదు. నాదే తప్పు" అన్నాను. ఇంకా పెద్దగా ఏదో చెప్దామని మెట్ల మీద రిహార్సల్ చేసుకున్నాను గానీ అంతే వచ్చింది. వాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "ఆ ముక్క మెస్‌లో చెప్పు" అన్నాడు. ఆ రాత్రి మెస్‌లో చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు, ఆ రోజు చికెన్. వాడు మాత్రం విన్నాడు.

తరువాతి ఆదివారం వాడిని పాత టేబుల్ దగ్గరే గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. ట్యూబ్‌లైట్ తీసేసి టేబుల్ ల్యాంప్ ఒక్కటే. ఒక జూనియర్ మా వెనక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే స్థిరంగా 144లో, బొరుసు పడితే రేటు మారుస్తూ ప్రోగ్రామ్ నడుపుతాడు. పాలకొండ తెర వైపు చూడకుండా ఊగుతోందో లేదో చెప్పాలి. 20 సార్లలో 19 సరిగ్గా చెప్పాడు. తరువాత అదే కుర్చీలో నేను కూర్చున్నాను. 13. నాణెం ఎగరేసి చెప్పినా పది వస్తాయి. అంటే నా కళ్ళు నాణెం కంటే కాస్త నయం. ఎవరి కంటి బలం వాళ్ళది.

ఇక తగ్గించడం. మొదట నేను తెలివిగా అనుకున్న ఉపాయం: 48లో వెలుతురు తగ్గుతోంది కదా, ఆ ఫ్రేముల్లో పిక్సెల్ విలువ 30కి బదులు 31 పంపిస్తే సరిపోతుంది. చేశాను. పాలకొండ ఈసారి కుర్చీలోంచి లేచి, "ఇది పాతదానికంటే దరిద్రంగా ఉందిరా" అన్నాడు. స్కోప్ చూస్తే వాడి మాటే నిజం. కాగితం మీద లెక్క వేస్తే అర్థమైంది. గామా 2.2 ఉన్న తెర మీద 30 నుంచి 31కి వెళ్తే వెలుతురు 7 శాతం పెరుగుతుంది. రోగం రెండు మూడు శాతం, మందు ఏడు శాతం. ఎనిమిది బిట్లలో చీకటి రంగుల మధ్య మెట్లు అంత పెద్దవని సెకండియర్‌లో చదివాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం.

రెండో ఉపాయం: అన్ని పిక్సెళ్ళనీ కాకుండా మూడింటిలో ఒకదాన్నే 31 చేసి, తక్కినవి 30లోనే ఉంచడం, అవి కూడా తెరంతా చెదిరేటట్టు. దూరం నుంచి కన్ను వాటిని కలిపి సగటు చూస్తుంది. మూడింట ఒకటి అంటే రెండున్నర శాతం దగ్గర పడుతుంది. స్కోప్ మీద మెట్టు దాదాపు చదునైంది. మళ్ళీ నాణెం ఆట. పాలకొండ ఈసారి ప్రతి దానికీ ఆలోచించాడు. పన్నెండోసారికి, "ఏమోరా, నోటికొచ్చింది చెప్తన్నాను" అన్నాడు. 20లో 11. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో నేను విన్న గొప్ప రిజల్ట్ అదే. వాడికి తెలియకుండా పోవడం.

కానీ ఇది ఒక్క బూడిద రంగుకి, మా ఒక్క తెరకి పనిచేసిన చిట్కా. నిజంగా ఆడే గేమ్‌లో లక్షల రంగులుంటాయి. ఈ సర్దుబాటు ఎక్కువ బిట్లతో పనిచేసే డిస్‌ప్లే సర్క్యూట్ లోపలే జరగాలి, ప్రతి రిఫ్రెష్ రేటుకీ వేరే గామా పట్టికతో. కొన్ని ఫోన్లలో ఇలాగే చేస్తారు. ఇంకో దారి కుళాయినే బాగుచేయడం. ఆక్సైడ్ ట్రాన్సిస్టర్లలో లీకేజ్ చాలా తక్కువ. వాటిని మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్లతో కలిపి చేసిన ఎల్‌టీపీఓ తెరలు అందుకే సెకనుకి ఒక్కసారి నింపినా నిలబడతాయి. 2019లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 5 అలాగే ఒక హెర్ట్జ్ దాకా దిగింది. మూడో దారి మరీ సాదా. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో, తెర బ్రైట్‌నెస్ తక్కువగా, చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు రేటు మార్చకుండా ఆపేసే ఏర్పాటు ఉంది. మార్పు కనిపించే చోట మార్చకపోవడమే మేలని వాళ్ళూ ఒప్పుకున్నట్టే.

మన గదిలో చేయగలిగింది కూడా అదే. నా గేమ్ 55కీ 140కీ మధ్య గంతులేసేది. ఇప్పుడు ఫ్రేమ్ రేటుకి 90 దగ్గర పరిమితి పెట్టాను, గ్రాఫిక్స్ సెట్టింగులు కొంచెం తగ్గించాను. దాదాపు ఎప్పుడూ 80, 90 మధ్యే ఉంటుంది. 140 చూపించి గొప్పలు చెప్పుకునే అవకాశం పోయింది, అంతే. ముఖ్యంగా 48 దగ్గరికి రానివ్వకూడదు. ఎందుకంటే మోనిటర్ పరిధి 48 నుంచి 144 అయితే, గేమ్ 47కి పడగానే ఒక్కో ఫ్రేమ్‌ని రెండేసి సార్లు చూపించి 94 చేస్తారు. 48కీ 47కీ మధ్య గేమ్ తచ్చాడితే, తెర 48కీ 94కీ మధ్య గెంతుతుంది. లోడింగ్ స్క్రీన్లు మాత్రం ఇప్పటికీ ఊగుతాయి. అప్పుడు మోనిటర్‌ని గోడవైపు తిప్పుతాను.

ఈ రెండేసి సార్లు చూపించే సంగతి తాతయ్యకి ఫోన్లో చెప్తే గట్టిగా నవ్వాడు. "మీరిప్పుడు కనిపెట్టారా? మా మిషన్‌లో షట్టర్‌కి రెండు రెక్కలు ఎందుకుంటాయనుకున్నావ్?" అన్నాడు. ఫిల్మ్ సెకనుకి 24 బొమ్మలే. 24 సార్లే వెలుతురు పడితే కళ్ళు భరించలేవు. రెండు రెక్కల షట్టర్ ఒక్కో బొమ్మనీ రెండుసార్లు తెర మీద వేసి 48 చేసేది. "అయితే మాది ఎప్పుడూ ఒకే స్పీడురా. మీకు తొందరెక్కువ" అన్నాడు.

పాలకొండ ఇంకా మూడో ఫ్లోర్‌లోనే ఉంటున్నాడు. అక్కడ వాళ్ళతో కలిసి చదవడం అలవాటైపోయిందన్నాడు. ఈసారి అది అబద్ధంలా అనిపించలేదు. ఫిబ్రవరిలో గేట్ రాశాడు. నా వల్ల పోయిన ఆ రెండు నెలల రాత్రుల గురించి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సాయంత్రాలు మాత్రం కిందికొచ్చి, పాత కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని టీ తాగుతాడు. నేను కొత్త సెట్టింగ్ ఏదైనా పెడితే ముందు వాడినే అడుగుతాను. నా దగ్గర ఫొటోడయోడ్ ఉంది, స్కోప్ గ్రాఫులున్నాయి. అయినా ముందు ఈల ఎవరు వేస్తారో ఇప్పుడు నాకు తెలుసు.

మొన్న సంక్రాంతికి ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మాత్రం మా గదిలోనే పెట్టి వెళ్ళాడు.